గోడకి నాలుగు వేలు

గుంటూరు కొత్తపేటలో
రెండు ఆసుపత్రుల మధ్య ఇరుక్కున్న కొట్టు.
పేరయ్య గారు నా సర్టిఫికెట్టుని
ఐదొందల నోటులా వెలుగుకెత్తి చూశారు.
"ఇది గోడకుంటే చాలమ్మాయ్,
నువ్వు రానక్కర్లేదు, నెలకి నాలుగు వేలు.
వస్తానంటావా, పదకొండు."

ఆటోలో లెక్క వేసుకున్నాను.
నేను లేని నా కాయితం నాలుగు.
పొద్దున తొమ్మిది నుంచి రాత్రి పది దాకా
నా కాళ్లూ, కళ్లూ,
నాలుగేళ్లు బట్టీపట్టిన మందుల నడతలూ,
కంప్యూటర్లో కప్పగుండెని కొట్టించిన మధ్యాహ్నాలూ
అన్నీ కలిపి
ఏడు.

వెళ్లాను.

వెంకటేశ్వరస్వామి పటానికీ
కొట్టు లైసెన్సుకీ నడుమ
చట్రంలో నా పేరు.
పొద్దున్నే అగరొత్తి తిప్పితే
పొగ కాస్త నాకూ తగులుతుంది.

పదో తరగతి తప్పిన చెన్నకేశవ
ఏ మందు ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్తాడు.
డాక్టర్ల గీతల్ని నాకన్నా ముందు చదువుతాడు.
వాడికి తొమ్మిదిన్నర.
"అక్కా, పైన పదిహేనొందలూ ఆ ఫొటోకా?"
గోడకేసి చూపించి నవ్వాడు.
ఏమనాలో తెలీక నేనూ నవ్వాను.

మా బ్యాచి వాట్సాప్ గ్రూపుకి
చేరిన రోజున పెట్టుకున్న పేరు
కాబోయే డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు.
ఎవరూ మార్చలేదు, సిగ్గుకో, ఆశకో.
పరవాడ కంపెనీలో మాత్రలు కరిగించి చూసే సల్మా
పద్దెనిమిది అని రాస్తుంది,
హాస్టలుకి ఆరు పోతాయని రాయదు.
శౌరికి ఇరవై రెండు, పెట్రోలు వేరే,
మెడకి టై, ఒళ్లో బ్యాగు,
డాక్టరు గది బయట బల్ల మీద సగం యవ్వనం.
హైదరాబాదులో వసుంధర
ఏ దేశంవాళ్లకో లేచిన దద్దుర్లని
తెల్లవార్లూ టైపు చేస్తుంది. ఇరవై ఆరు.
పగలు నిద్రపట్టదట.
నేను పదకొండు అని కొట్టి
చెరిపి
'బాగానే ఉంది' అని పెట్టాను.

ఒక గురువారం రాత్రి
మిర్చి యార్డు నుంచి ఒకామె వచ్చింది.
ఆమె నోరు విప్పేలోపే మేం ముగ్గురం తుమ్మాం.
గోళ్ల సందుల్లో ఎరుపు, వాచిన కణుపులు,
కీళ్లవాతం చీటీ.
చెన్నకేశవ అప్పటికే కవరు మీద రాసేశాడు:
రోజుకొకటి, రాత్రి.

మెథోట్రెక్సేట్.
చీటీలో 'ఓ' పక్కన ఉన్నది
డీ కాదు,
తొందరలో గుండ్రంగా మూసుకుపోయిన డబ్ల్యూ.

కవరు వెనక్కి తీసుకున్నాను.
ఆసుపత్రికి ఫోను చేస్తే కాంపౌండరు విసుక్కున్నాడు.
లైనులో వెనకనించి ఎవరో "ఇంకెంతసేపమ్మా" అన్నారు.
పేరయ్య గారు గడియారం చూసి, నన్ను చూశారు.
చివరికి డాక్టరు గొంతు:
"వారానికొకటి. వారానికేనమ్మా!"
ఠక్కున పెట్టేశాడు.

రోజూ మింగితే
నోరంతా పుండ్లై, ఎముకల మూలుగలో
నెత్తురు పుట్టడం మానేస్తుందని
ఆమెకి చెప్పలేదు.
చెన్నకేశవకి మాత్రం తర్వాత చెప్పాను.

పాత రాత కొట్టేసి
'ఆదివారం మాత్రమే' అని పెద్దగా రాశాను.
ఆమెకి చదువు రాదు.
సూర్యుడి బొమ్మ వేద్దామంటే
అది పొద్దుటి మాత్రకి గుర్తు.
"మందిరం నుంచి వచ్చినాక ఏసుకుంటాలే పాపా,
ఆరాధన మర్చిపోతానా ఏంది?"

డెబ్బై రెండు రూపాయలు.
బిల్లులో మందు పేరుంది, బ్యాచి నంబరుంది,
పన్ను పైసలతో సహా ఉంది.
ఇవ్వకుండా ఆపినదానికి
గడి లేదు.

ఒకటో తారీకున నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి
పేరయ్య గారు అన్నారు:
"లక్ష్మీపురంలో మావాడు కొట్టు పెడుతున్నాడు,
నీ స్నేహితులెవరన్నా ఉంటే చెప్పు.
మనిషి రాకపోయినా పర్లేదు."
"ఒకమ్మాయి ఉందండీ," అన్నాను,
"మనిషే వస్తుంది. పదహారు."
ఆయన నవ్వారు.
ఈసారి నేను నవ్వలేదు.

ఫ్యాను టకటకమంటోంది.
కౌంటరు ఆ చివర
చెన్నకేశవ ఒక చీటీని ట్యూబులైటుకేసి ఎత్తి పట్టుకుని,
"అక్కా, ఒకసారి ఇటు రా,
ఇది డీయా, డబ్ల్యూవా?"