ఇఫ్ లేని వాక్యం

పులియంతోపులో టైర్ల కొట్టు మీద
మా సాయంకాలపు బడి.
కింద కాలిన రబ్బరు వాసన,
పైన పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు,
కాలు విరిగింది నాది.

ఆ మంగళవారం పాఠం
జరగని గతం గురించి.
ఇఫ్ ఐ హ్యాడ్ నోన్, అని బోర్డు మీద రాసి
ఇఫ్‌ని అరచేత్తో తుడిచేసి
హ్యాడ్‌ని చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చాను.
హ్యాడ్ ఐ నోన్.
అర్థం అదే, దర్జా ఎక్కువ అన్నాను.
కోటు తొడుక్కున్న వాక్యం అన్నాను.
ఎవరో నవ్వారు.
రెండు మార్కుల ప్రశ్న, మరిచిపోకండి అన్నాను.

పెంచల సెల్వి నవ్వలేదు.
ఇంట్లో నెల్లూరు తెలుగు, వీధిలో తమిళం,
సంచిలో నాలుగు మడతల ఇంగ్లీషు కాగితం.
అందరూ పోయాక
కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూర్చి వచ్చి
బల్ల మీద పరిచింది.
"సార్, దీంట్లో ఇఫ్ యాడుంది?
రెండు నెల్లుగా ఎతకతా ఉండా."

హ్యాడ్ ద వర్కర్ వోర్న్ ద మాస్క్,
హీ వుడ్ హావ్ సర్వైవ్డ్.

వర్కర్ అంటే చెంగయ్య, వాళ్ళ నాయన.
మూత తీసిన మ్యాన్‌హోల్ పక్కన
చెప్పులు విడిచి,
చొక్కా మడిచి,
చొక్కా మీద బీడీకట్ట పెట్టి
దిగినవాడు.

"మాస్కు ఇచ్చారా?"
"లుంగీ ముక్క కట్టుకున్నాడు సార్.
మాయమ్మ చింపి ఇచ్చింది."

నిజమే, అందులో ఇఫ్ లేదు.
ఉంటే కాస్త సందు ఉండేది,
ఇంకెవరి తప్పయినా దూరడానికి.
ఆ వాక్యం ప్రశ్నలాగే మొదలవుతుంది,
హ్యాడ్ ద వర్కర్ అంటూ.
చివర ప్రశ్న గుర్తు ఉండదు.
ఎవర్నీ ఏమీ అడగదు.
పద్దెనిమిదేళ్ళుగా చెబుతున్నాను ఈ పాఠం,
ఆ సంగతి నాకు ఆ రాత్రే కనబడింది.

మన మాటలో షరతు చివర్న వస్తుంది.
"నాయన ఆ పొద్దు పనికి పోకుండా"
అనేదాకా ఆయన ఇంట్లోనే ఉన్నాడు,
గోడకి వీపు ఆనించి
టీ ఊదుకుంటూ.
"ఉం" అన్నప్పుడు కూడా ఉన్నాడు.
"టే" అన్నాకే
గ్లాసు చల్లబడుతుంది.
ఆ ఒక్క అక్షరాన్ని
ఈ పిల్ల ఎన్ని రాత్రులు
పళ్ళ వెనకాల ఆపి పెట్టుకుందో.

"జవాబు రాయాల సార్. ఇట్నే, కోటేసుకోని."

నేను నేర్పరిని కదా,
వెంటనే ఒకటి అల్లి ఇచ్చాను.
హ్యాడ్ ఎ మాస్క్ బీన్ గివెన్.
మర్యాదగా ఉంటుంది,
ఆఫీసులో ఎవరికీ గుచ్చుకోదు.
సెల్వి వేలు పెట్టి చదివింది, రెండుసార్లు.
"ఇయ్యాల్సినోడు యాడ సార్ దీంట్లో?
వాడు గూడా ఇఫ్ మాదిరే ఎగిరిపోయినాడే!"

తలకాయ వంచుకున్నాను.
సుద్దముక్క కూడా నావైపు చూడలేదు.

తనే రాసింది, పెద్ద పెద్ద అక్షరాలతో,
గీత దాటిపోతూ.
హ్యాడ్ యూ గివ్.
గివెన్, అన్నాను. దిద్దుకుంది.
హ్యాడ్ యూ గివెన్ చెంగయ్య ఎ మాస్క్,
కామా పెట్టి ఆగింది.

కామా తర్వాత ఏముంటుంది?
నా నోట్సు నిండా ఉన్నాయి
వుడ్ హావ్‌లు:
రైలు దొరికి ఉండేది,
ఉద్యోగం వచ్చి ఉండేది,
వాన తప్పి ఉండేది.
ఒక్కటీ పనికి రాలేదు.

వీధిలో ఇరవై తొమ్మిదో నంబరు బస్సు
రెండుసార్లు పోయింది.
అప్పుడు వాళ్ళ కాగితంలోంచే ఒక మాట చూసి
అక్షరం అక్షరం దించుకుంది.
హీ వుడ్ హావ్ వోర్న్ హిజ్ షర్ట్.

అక్కడ వోర్న్ కుదరదు.
పుట్ ఆన్ అనాలి.
ఎర్ర పెన్ను నా చేతిలోనే ఉంది.

కింద కొట్టులో
ఏదో బండి టైరుకి గాలి కొడుతున్నారు,
చాలాసేపట్నుంచీ.