సగం గొట్టం

మలూటి కొండల్లో జూన్ అంటే మంచు.
ఊట మాత్రం గడ్డకట్టదు. రాతి పగులులోంచి
ఆవిరి వదులుతూ బయటికొస్తుంది, అప్పుడే నిద్ర లేచినట్టు.
అక్కణ్ణుంచి తొమ్మిది వందల మీటర్లు దిగితే పై వాడ.
రెండంగుళాల గొట్టం, నలభై కొంపలు.
పక్క వాలు మీద, అంతే దూరం, అంతే పల్లం,
కింది వాడ. ఇరవై కొంపలు.

ఇరవై అంటే నలభైలో సగం.
సగం జనానికి సగం నీళ్ళు,
సగం నీళ్ళకి సగం గొట్టం.
అంగుళం చాలని రాసింది నేనే.
కింద సంతకమూ నాదే: లినెయో, జల విభాగం.
గాడిదల మీంచి నల్ల చుట్టలు దించుతుంటే
న్టాటె మొహాపి వాటిని తట్టి చూశాడు,
పెళ్ళికిచ్చే ఆవుని తట్టినట్టు.

కుళాయి తిప్పిన రోజు
పై వాడలో ఇరవై లీటర్ల బకెట్ పది సెకన్లలో నిండింది.
ఇక్కడ ఇరవై పట్టాలి.
ఇరవై దాటింది.
ముప్పై.
నలభై దగ్గర జనం దుప్పట్లు సర్దుకున్నారు.
అరవై రెండు.

"పైవాళ్ళు దోచుకుంటున్నారు" అన్నాడొక కుర్రాడు,
పార చేతిలోకి తీసుకుంటూ.
నేను నీళ్ళు నమిలాను.
నమలడానికైనా అక్కడ అన్ని నీళ్ళు లేవు.

ఆ రాత్రి మ్మే మాలిసెబో ఇంట్లో
పిడకల పొయ్యి వెలుగులో మళ్ళీ లెక్కకి కూచున్నాను.
అడ్డుకొలత సగమైతే నోరు పావు.
ఆ పావులోనూ గోడనానుకున్న నీరు కదలదు,
పక్క నీటి చెయ్యి పట్టుకుంటుంది,
అది దాని పక్కదాని చెయ్యి.
లావు గొట్టంలో నడిమి నీటికి ఆ పట్టు అంతగా అందదు.
సన్న గొట్టంలో అంతా గోడ పక్కవాళ్ళే.
పావు తరిగి తరిగి ఆరో వంతయింది.
దొంగ దొరికాడు: గోడ.
కాకిలెక్క మాత్రం నాది.

నీరు పల్లమెరుగు, సరే.
ఇరుకూ ఎరుగు, నాకంటే ముందే.

పొద్దున్నే అందరి ముందూ చెప్పేశాను.
కుర్రాడు పార దించాడు గానీ గోడకి ఆనించలేదు.
న్టాటె మొహాపి నా కాగితాన్ని రెండు మడతలు పెట్టి,
విప్పి, మళ్ళీ మడిచాడు.
మ్మే మాలిసెబో ఒక్కతే నవ్వింది:
"జొన్న కల్లు సీసాల్లో పోసేటప్పుడు మా అత్త అనేది,
సన్న మూతి దగ్గర తొందరపడకే అని.
నన్నడిగితే చెప్పేదాన్ని కదమ్మా."

ఒకటిన్నర అంగుళం గొట్టం వసంతానికి గాని రాదు,
అంటే సెప్టెంబరుకి.
అందాకా ఈ అంగుళమే.
వరసలో మూడోదాన్ని నేను,
చేతిలో అరువు తెచ్చుకున్న బకెట్.
ముందు నిలబడ్డ పిల్ల గట్టిగా లెక్కపెడుతోంది
ఇరవై తొమ్మిది, ముప్పై, ముప్పై ఒకటి.

మ్మే మాలిసెబో వంగి బకెట్లోకి చూసి
నా వైపు తిరిగింది.
"ఇదిగో," అంది, "ఇదీ సగమంటే."