సున్నా

దాబాగార్డెన్స్ కొట్లో నూకరాజు
సీసాలో మా కుళాయి నీళ్ళకి మీటరు ముంచాడు.
నాలుగొందల పన్నెండు.
"మూడు గొట్టాలది చాలదు బాబూ,
చివర రెసిన్ ఉన్నదే పట్టుకెళ్ళండి.
సున్నా రావాల."

సున్నా అంటే
క్లోరిన్ పోవాలి, పైపుల తుప్పు పోవాలి,
మేఘాద్రిగెడ్డ రుచి పోవాలి.
ఏ ఊరివో నీళ్ళకే గుర్తుండకూడదు.
అప్పుడు పొట్లం విప్పి
తూచి తూచి ఉప్పు కలపాలి,
రెండు నారింజ చేపల కోసం.

బకెట్టు నీళ్ళకి మూడు బకెట్లు వృథాట.
"రోజు విడిచి రోజు కదయ్యా మాకు!"
"అంట్లకి వాడండి."
వాడతాం.

ఆటోలో పెట్టె ఒళ్ళో పెట్టుకుని
బీచ్ రోడ్డెక్కితే
కుడి పక్కంతా సముద్రం.

ఎందుకో
పెట్టె మీది బొమ్మకి
అరచెయ్యి అడ్డం పెట్టాను.