మిగతా బోట్లు

నా గది రెండో అంతస్తులో చివరిది.
పెద్దాసుపత్రి ఏటవాలు మీద ఉంది కాబట్టి
కిటికీలోంచి సముద్రం కనబడాలి.
ఏసీ డబ్బా అడ్డం.

మేడం కండలోకి సూది దింపుతారు.
నేను స్పీకరు మీట తిప్పుతాను.
పదకొండేళ్లుగా నా ఉద్యోగం ఇంతే:
కండ మాట్లాడితే వినబడేట్టు చెయ్యడం,
విన్నది ఎవరికీ చెప్పకపోవడం.

మే నెల. వేట నిషేధం.
వలలు బాగుచేసేవాళ్లకి తల ఎత్తే తీరిక ఉండని రోజులు.
అప్పుడొచ్చాడు తెడ్డు పరసన్న,
రెండు చేతులూ ఖాళీగా.
వెనక కొయ్యమ్మ, చంకలో ఫైలు,
కాగితప్పొట్లంలో ఎండు నెత్తళ్లు.
"డాట్రమ్మకి" అంది.
గదంతా హార్బరైపోయింది.

ముందు వల సూది జారిందట.
తర్వాత లుంగీ ముడి.
ఆనక తాళంచెవి తిరగలేదట.
తాళానికి తుప్పు పట్టిందనుకుని
పూర్ణా మార్కెట్లో కొత్త తాళం కొన్నాడట.

మెడ ఎముక అరిగిందన్నాడు ఒకాయన, మూడు నెలలు పట్టీ.
నరాల బలానికని ఇంకొకాయన ఇరవై ఇంజక్షన్లు.
షుగరు, థైరాయిడు, బీ పన్నెండు, మెడ స్కానింగు,
ఫైలు నిండా ఒకటే మాట: నార్మల్.
కొయ్యమ్మకి చదువు రాదు,
ఆ మాట ఆకారం మాత్రం తెలుసు.
పేజీ తిప్పి తిప్పి వేలు పెట్టి చూపించింది.
"ఇదిగో, ఇక్కడా... ఎన్ని బాగున్నాయో సూడమ్మా."

ఒడ్డున నిలబడి అలివి వల లాగినట్టు
ఒక్కో మంచి వార్తా
ఇంకో బార దగ్గరికి లాగుతుందని
ఆమెకి ఎవరు చెబుతారు?
నేను చెప్పకూడదు.

మేడం నోరు తెరవమన్నారు.
నాలుక బయటికొద్దు, లోపలే ఉండనీ అన్నారు.
నీళ్లు ఓడ్చేసిన బుట్టలో రొయ్యల్లా
నాలుక కదిలింది, అతను కదపకుండానే.
సన్నబడిపోయిన చెయ్యి
సుత్తి తగలగానే ఎగిరిపడింది.
ఎండిన చెయ్యి అలా ఎగరకూడదు.
అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేచింది,
పసివాడి కాలిలా.
కొయ్యమ్మ నవ్వింది.
మేడం రాసుకున్నారు.

బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ
ఎవరో చెంచాతో తోడేసినట్టు గుంట.
అక్కడ సూది.
ముందు, రేకుల మీద సన్న చినుకులు.
"ఇప్పుడు గట్టిగా బిగించు పరసన్నా."

మంచి కండ బిగిస్తే హోరు.
ఏ చినుకు ఏదో తెలీదు.
ఇక్కడ ఒకటే.
డుబ్, డుబ్, డుబ్,
పెద్దగా, ఒంటరిగా, ఏదో తరుముతున్నట్టు.
నా చెయ్యి మీట మీదికి పోయింది.

"తగ్గించకమ్మా" అన్నాడు.
కళ్లు మూసుకుని చెవి యంత్రం వైపు తిప్పాడు,
ముప్పై ఏళ్లు జెట్టీ మీద కూచుని
మంచులోంచి బోటు బయటపడకముందే
అది ఎవరిదో చెప్పినవాడు.

"ఒక్క ఇంజినే మోగతంది.
అందరి బరువూ అదే లాగతన్నట్టుంది.
మిగతా బోట్లు ఏటైపోనాయి?"

మేడం సూది తీసి దూది అద్దారు.
తొడ, వెన్ను, గడ్డం కింద,
మూడు చోట్లా అదే ఇంజిను.

ఇది రక్తం సీసాలో దొరికే జబ్బు కాదు.
ఏ ఒక్క కాగితం మీదా ఉండదు.
అన్నీ కాదు కాదన్నాక
బల్ల మీద ఇంకా మిగిలి ఉండేది.
మేడం పెన్ను తెరిచారు, మూత పెట్టేశారు.
"జూలైలో ఇంకోసారి చూద్దాం."
కాలం కూడా ఒక పరీక్షే.
దానికి రసీదు ఇవ్వం.

వెళ్తూ తలుపు దగ్గర ఆగాడు.
గుండ్రటి గొళ్లెం అది, తిప్పాలి.
కొయ్యమ్మ చెయ్యి ముందే అక్కడుంది.

నెత్తళ్లు ఎవరూ పట్టుకెళ్లలేదు,
సాయంత్రం నేనే తెచ్చుకున్నాను.

జూన్ పద్నాలుగు, అర్ధరాత్రి. నిషేధం తీరింది.
పాతపోస్టాఫీసు వెనక మా ఇంటి దాకా
వందల బోట్లు ఒక్కసారే గొంతు విప్పాయి.
లేచి కూచున్నాను.
ఒక్కదాన్నయినా విడదీసి పట్టుకోవాలని చూశాను.
చేతకాలేదు.
మా ఆయన నిద్రమత్తులో కిటికీ మూయబోయాడు.

ఉండనీ అన్నాను.