గురువారం లోపు తిరిగివ్వాల్సినవి

రెండూ అయిపోయాయి.
బయట క్లాక్స్‌విక్ రేవులో మూడో రోజూ వాన.
మా ఫారో దీవుల్లో వాన కింద పడదు,
పక్కనుంచి వచ్చి కొడుతుంది.

ముందు లావుపాటి దాని సంగతి.
ఏడు వందల పేజీలు, మొదట్లో మడతల పటం,
పటంలో పదకొండు నదులు.
కథ దాటింది రెండే.
మిగతా తొమ్మిదింటి కోసం ఇంకా చూస్తున్నాను.
ఆ రాజ్యంలో ఎవరూ గిన్నెలు తోమరు.
సైన్యం నెలల తరబడి నడుస్తుంది,
ఒక్కడి మేజోడూ తడవదు.
పదేళ్లుగా రబ్బరు బూట్లలో నిలబడేదాన్ని,
అక్కడే నాకు అనుమానమొచ్చింది.

అయినా ఆ డ్రాగన్!
ముసలిది, ఒక కన్ను పోయింది,
ఎవరూ రాని వంతెనకు కాపలా.
ఎందుకు కాస్తున్నావని ఓ పిల్ల అడిగితే
"ఇక చాలని చెప్పాల్సినవాడు చచ్చిపోయాడు" అంటుంది.
అక్కడ పుస్తకం మూసి కాఫీ పోసుకున్నాను.
తాగడం మర్చిపోయాను.
అంతటి ప్రాణి పోతే
రచయిత ఇచ్చింది ఒకే ఒక్క వాక్యం.
పట్టాభిషేకం విందుకు మాత్రం పన్నెండు పేజీలు.

సన్నటిది చేపల చెవుల గురించి.
కాడ్ చేప తలలో చిక్కుడు గింజంత రాయి ఉంటుందట,
చెట్టు మానులోలా ఏడాదికో వలయం.
ఇందులో డ్రాగన్లు లేవు, ఏడిపించే మాట ఒక్కటీ లేదు.
నలభయ్యో పేజీలో మాత్రం
నా చేతుల వంక చూసుకున్నాను.
షిఫ్టుకు ఎన్నెన్ని తలలు!
ఎన్ని వేసవులను ఆ నీలం తొట్టిలోకి తోసేశానో
లెక్కగట్టే ధైర్యం లేదు.

నిన్న ఒక రాయి గ్లవ్‌లో దాచి తెచ్చాను.
విరిచి దీపం కింద పెడితే
ఏడు గీతలు. ఎనిమిదోది అరకొర.
పుస్తకం అబద్ధమాడలేదు.

నిద్ర పట్టక మళ్లీ లావుదాన్ని తెరిచాను,
డ్రాగన్ చావు దగ్గర.
అంచున పెన్సిల్‌తో, పల్చగా, ఎవరో:
"ఇంతేనా?"
ఆ గాలపు కొక్కేల్లాంటి అక్షరాలు నాకు తెలుసు.
రోజూ షిఫ్టు పట్టికలో చూసేవే.
సూపర్‌వైజర్ హానుస్.
తొమ్మిదేళ్లలో "కత్తి నూరుకో" కన్నా
పెద్ద మాట నాతో అనని మనిషి.

ఈ ఉదయం నా పక్కగా వెళ్తుంటే
ఏదో అడగబోయాను. యంత్రాల హోరు.
ఏంటన్నట్టు తలెగరేశాడు.
కత్తి చూపించాను, నూరానన్నట్టు.

రెండో భాగం అడిగితే లైబ్రరీలో బిల్లా
ఎవరో ముందే రాయించుకున్నారంది.
ఎవరని నేనడగలేదు.
ఆ "ఇంతేనా" కింద
"నాకూ అలాగే అనిపించింది" అని రాసి
పుస్తకం ఇచ్చేశాను.
లైబ్రరీ పుస్తకంలో రాయడం తప్పే.
పైగా, చదివేసింది అతను మళ్లీ తెరవడు.