నాలుగంగుళాల గోడ

నాన్న పేరునున్న లైసెన్సు
నా పేరుకి మారడానికి పదమూడు నెలలు పట్టింది.
కమిషనరాఫీసు మెట్లు నా చెప్పుల్ని గుర్తుపట్టేశాయి.
"ఆడమనిషివి, నీకెందుకమ్మా?" అని ముగ్గురడిగారు.
ముగ్గురికీ ఒకటే చెప్పాను:
అడివివరంలో కొండవార ఇల్లు,
ఆయనకి స్టీల్‌ప్లాంట్‌లో సీ షిఫ్టు,
ఏప్రిల్లో ఒక రాత్రి వెనక గ్రిల్లు వంచి ఇద్దరొచ్చారు.
నేను బాత్రూంలో గడియ పెట్టుకుని కూచున్నాను.
ఫ్రిజ్ తీసిన చప్పుడు. మజ్జిగ తాగిన చప్పుడు.

చెప్పనిది ఒకటుంది.
తాగిన గ్లాసు కడిగి, బోర్లించి వెళ్లారు.
పోయిన వెండి కుందులకి ఎఫ్ఐఆర్ ఉంది.
ఆ గ్లాసుకి లేదు.

పాతూళ్లో గడియార స్తంభం దాటాక, సందులో
జిలానీ సాయిబు కొట్టు.
అరవయ్యేళ్లు తుపాకులకిచ్చేసి
ఎడం చెవి పోగొట్టుకున్న మనిషి.
నాన్న జంటగొట్టాల తుపాకీని ఒళ్లో పెట్టుకుని
జ్వరమొచ్చిన పిల్లని చూసినట్టు చూశాడు.
"జీడితోటలో పందులకి ఇది చాలు.
ఇంట్లోకి బారెక్కువ. తిప్పేవంటే గుమ్మానికి తగుల్తాది."

అద్దాల బీరువాలోంచి పంప్ యాక్షన్ దింపాడు.
నల్లగా, నగా నట్రా లేకుండా.
మడమ నా భుజానికి ఆనించి
రవికె కొలత తీసే టైలరులా
అంగుళం తగ్గించాలన్నాడు.
"చెక్క అందం. మన ఉప్పుగాలికి ప్లాస్టికే నయం.
మీ ఇంటినించి సముద్రం కనపడకపోవచ్చు,
మీ ఇంట్లో ఇనుముని అది చూస్తానే ఉంటాది.
వెనక్కి లాగు, ముందుకి నెట్టు.
సగంలో ఆపితే తూటా ఇరుక్కుంటాది.
భయపడ్డోళ్లందరూ సగంలోనే ఆపుతారు."

లాగాను. చర్ర్... ఆగింది.
మళ్లీ.
చర్ర్‌-చక్.
ఆ చప్పుడికే దొంగలు పారిపోతారటగా, అన్నాను.
"చప్పుడికే అయితే ఇత్తడి పళ్లెం కింద పడెయ్యమ్మా.
చవక. లైసెన్సు అక్కర్లేదు.
ఎలచ్చన్లొస్తే టేసన్లో అప్పజెప్పక్కర్లేదు."

బిల్లు పుస్తకం తిరగేసి పెన్సిలిచ్చాడు.
"ఇల్లు గియ్యి."
గీశాను. మంచం, గుమ్మం, హాలు, ఫ్రిజ్.
"నువ్వెక్కడ నిలబడతావు?"
గుమ్మంలో చుక్క.
"ఆడెక్కడుంటాడు?"
ఫ్రిజ్ దగ్గర ఇంకో చుక్క.
రెంటినీ స్కేలుతో కలిపి
ఆగకుండా గీతని కాయితం అంచుదాకా లాక్కుపోయాడు.
"ఈ గోడ మందం?"
నాలుగంగుళాలు.
"అవతల?"

అవతల పక్కవాటా. బంగారునాయుడిగారి చిన్నకొడుకు.
టెన్తు. ఉక్కకి తాళలేక కూలరు ముందు
ఆ గోడకే తలానించి పడుకుంటాడు.
రాత్రిళ్లు వాడి దగ్గు ఇటు వినపడుతుంది.
అది వినపడ్డాకే
ఇంట్లో ఒక్కదాన్నీ కానని నాకు కునుకు పట్టేది.

స్కేలు తిప్పాడు. ఉత్తరాన అద్దెకున్న నర్సు.
తూర్పున వీధి, నాలుగింటికే పాలవ్యాను.
కొండవైపు మాత్రం ఎవరూ లేరు.
"దొంగని కొండవైపు నిలబడమంటావా?"
నవ్వలేదాయన. అడిగాడంతే.

నెలాఖరుకి చెప్తానన్నాను.
ఉత్తచేతుల్తో రావడానికి మనసొప్పక
తుపాకీ నూనె సీసా ఒకటి కొన్నాను.

ఇంటికొచ్చి చీపురుకర్ర భుజానికానించి
నాలుగు దిక్కులూ చూశాను.
మంచం రెండుసార్లు జరిపాను.
తర్వాత ఏం చెయ్యాలో తోచక
తుప్పెక్కిన వెనక తలుపు బందులకీ, గడియకీ
ఆ నూనె వేశాను.

ఇరవయ్యేళ్లుగా కీచుమన్న తలుపు
ఇప్పుడెవరు తోసినా నోరు విప్పదు.

ఆ గ్లాసు నిండా నీళ్లు పోసుకుని
దానికెదురుగా కూచుంటున్నాను.
గోడవతల కుర్రాడు
ఇంకా దగ్గలేదు.