ఫ్యూజ్ తీసిన రాత్రి

నుగ్జార్ బండి మళ్ళీ వచ్చింది.
ఈ చలికాలంలో ఇది నాలుగోసారి.
తొమ్మిదేళ్ళ జీపు. తోలు సీట్లు, కలప డాష్‌బోర్డు.
అమెరికాలో ఎవరో గుద్దేసి వదిలేస్తే
ఓడెక్కి, నల్ల సముద్రం దాటి,
మా రుస్తావి సంతలో కొత్త రంగేసుకుని నిలబడింది.
సగం ధరకే దొరతనం వస్తోందనుకున్నాడు పాపం.

రాత్రి ఠీవిగా నిలబెట్టి పడుకుంటాడట.
తెల్లారేసరికి
బురదలో కూలబడ్డ గేదెలా
నాలుగు మూలలూ కుంగి ఉంటుందట.
తాళం తిప్పితే కంప్రెసర్ మూలుగుతుంది,
మూడు నిమిషాలు, నాలుగు,
అంగుళం అంగుళం లేస్తుంది.
గుదౌరి మంచుకొండకి పోవాల్సిన అతిథులు
పెట్టెలు పట్టుకుని నిలబడి
ఆ లేవడాన్ని ఫొటోలు తీసుకుంటారట.

మొదటిసారి కంప్రెసర్ మార్చాను.
నిజంగానే కాలిపోయింది, అందులో నా తప్పు లేదు.
ఎందుకు కాలిందని అడక్కపోవడం మాత్రం నాదే.
తర్వాత వాల్వ్ బ్లాక్.
ఆ తర్వాత, ఎత్తు కొలిచే సెన్సర్ వైరు
పచ్చగా చిలుం పట్టి కనిపిస్తే
దొంగ దొరికాడని గేలాకి చూపించి ఈల వేశాను.
పదకొండు రోజులు.
ఫోన్ మోగింది.

గిన్నెలు తోమే సబ్బు నీళ్ళలో కలిపి
గొట్టాల కీళ్ళన్నిటికీ కుంచెతో పూశాను.
ఒక్క బుడగ లేదు.
వెచ్చటి గ్యారేజీలో రబ్బరు మర్యాదగానే ఉంటుంది,
పెళ్ళిచూపుల్లో తాగుబోతులాగా.

టీకి వచ్చాడు ముసలి వలికో,
ఒకప్పుడు సిటీబస్సుల గాలితిత్తులు కుట్టినవాడు.
చెంచా తిప్పుతూ తిప్పుతూ అన్నాడు:
"నాలుగూ కుంగాయంటే నాలుగూ చెడ్డాయని కాదు, ఇంగా.
కారేది ఒకటే.
ఆ కంప్యూటర్ పెట్టె నడిరాత్రి లేచి చూసుకుంటుంది,
ఏది కిందికి పోయిందో దాని వరసకి
మంచివాటి గాలి కూడా వదిలేస్తుంది.
దాని ఫ్యూజ్ పీకి, బండిని బయట చలిలో పెట్టు."

పీకాను.
చక్రం నడిమి నుంచి రేకు అంచు దాకా
టేపుతో కొలిచి, సుద్దముక్కతో గోడ మీద రాశాను.
మైనస్ ఆరు. గేలా పారిపోయాడు.
ఇనుప ఫ్యాక్టరీ వైపు నుంచి గాలి
బొగ్గు వాసనతో వచ్చి పోతోంది.
పన్నెండుకి ఏమీ లేదు.
రెండుకి, ముందు ఎడమవైపు, వేలెడు.
నాలుగుకి మరి కొలవక్కర్లేదు.
మూడు నిలబడే ఉన్నాయి.
ఒక్కటి మోకరిల్లింది.

టార్చ్ పట్టి కిందికి దూరాను.
రబ్బరు తన మీద తానే మడతపడే చోట
కనురెప్ప వెంట్రుకంత పగులు.
సబ్బు పూస్తే
చీమ ఉమ్మినంత నురగ.

అక్కడే వెల్లకిలా కాసేపు ఉండిపోయాను.
ఫ్యాక్టరీ మూసేసిన ఏడు గుర్తొచ్చింది.
నాన్న రొట్టె మానేశాడు, ఆకలి లేదన్నాడు.
వారం తిరిగేసరికి అమ్మకీ లేదు,
అన్నకీ లేదు, నాకూ లేదు.
పొరుగువాళ్ళు వచ్చి చూస్తే
అందరం ఒకే ఎత్తులో కూర్చుని ఉన్నాం.
ముందు ఎవరు కుంగారో
కనుక్కోవడానికి మా ఇంట్లో ఫ్యూజ్ ఎక్కడుందో
ఎవరికీ తెలీదు.

కొత్త తిత్తి వేశాను. ఫ్యూజ్ పెట్టాను.
కంప్రెసర్ ఇరవై సెకన్లు పలికి
చాల్లే అన్నట్టు ఆగింది.
నుగ్జార్ సగం డబ్బిచ్చాడు,
మిగతాది మంచు కరిగే లోపు ఇస్తానన్నాడు.
స్టీరింగ్ మీద చెయ్యేసి అడిగాడు:
"ఇంక రాదుగా?"

మిగిలిన మూడూ అదే ఏడు పుట్టిన రబ్బరు,
అవే గుంతలు తిన్నాయి.

"ఇది రాదు" అన్నాను,
'ఇది' అన్నచోట
కొంచెం ఒత్తి.